అడ్డాకు టోపీలు

బోరింగు దగ్గర సన్నే ఆడిన మాట లక్మా చెవిన పడి, అతని నోట పెళ్ళాం ఇర్మె దాకా వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. ఇర్మె కన్నది ముగ్గుర్నట, ఆ ముగ్గురి ఒంటికీ కలిపి పోసినన్ని నీళ్ళు ఈ రెండు నెలల్లో తోటలోని ఆ లైటు పుల్లలకు పోసిందట. పొద్దున్నే లేచి వాటి మొహాలు కడుగుతుందట, కొంగుతో తుడుస్తుందట, నెత్తిన కాకి రెట్ట వేస్తే ఆ కాకిని మూడు తరాలు తిడుతుందట. ఇంకో నెలాగితే జోల కూడా పాడుతుంది చూడండి అని సన్నే అనేసరికి బిందెలు పట్టుకున్నవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారట.

"నువ్వు గూడ నవ్వినవా?" అంది ఇర్మె తల ఎత్తకుండా. ఏడో లైటు తుడుస్తోంది.

"నేనెందుకు నవ్వుత?" అన్నాడు లక్మా. చెంబు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "కొద్దిగ," అన్నాడు.

"సరే, నవ్వు అయిపోయిందిగా. ఆ చెంబుల నీళ్ళు ఇటు అందియ్యి."

నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. కొత్త రోడ్డు మీద టిప్పర్లు రోజుకు ఇరవై తిరుగుతున్నాయి. అవి లేపిన ఎర్ర దుమ్ము వచ్చి ఈ పలకల మీదే కూర్చుంటుంది. రాత్రి మంచుకు అది తడిసి, పొద్దున ఎండి, అట్టులా అంటుకుంటుంది. లైటంటే ఎంత, మోకాలెత్తు కడ్డీ, దానిమీద గాజు బుడ్డి, బుడ్డి నెత్తిన అరచేయంత నల్ల పలక. ఆ పలక పగలంతా ఎండ తాగితేనే రాత్రి బుడ్డి వెలిగేది. దుమ్ము పట్టిన పలక ఎండ తాగదు. ఇది తెలుసుకోవడానికి ఇర్మెకు నాలుగు రోజులు పట్టింది. సన్నేకు ఎన్నాళ్ళు పడుతుందో ఆమె ఇష్టం.

కిష్టారం నుంచి అడవిలోకి పోయే దారిలో వెదురుగూడెం. ఊరికి ఆ చివర, వాగు గట్టు మీద ఈ తోట. ఏడుగురు ఆడవాళ్ళు కలిసి వేసుకున్నది. పద్నాలుగు సాళ్ళు చిలగడదుంప, చివర రెండు మడులు టమాట, వంగ. ఏడుగురిలో సన్నే కూడా ఒకతి. అందుకే ఆ నవ్వు ఇర్మెకు గుచ్చుకుంది. పక్కూరామె నవ్వితే దులిపేసుకునేది.

ఈ తోట వెయ్యడం వెనక ఒక పంతం ఉంది. పోయినేడు ఈ ఏడుగురూ మేస్త్రీ తెచ్చిన బండెక్కి రాష్ట్రం దాటి ఖమ్మం వైపు మిరప కోతకు పోయారు. నెలన్నర. ఇర్మె తన చిన్నపిల్లను వెంట తీసుకుపోయింది. పొద్దంతా మిరపకాయ తెంపిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. రాత్రి పిల్లను దగ్గరికి తీసుకుంటే పిల్ల ఒళ్ళంతా మండి గుక్కపట్టి ఏడ్చేది. నాలుగో రోజు నుంచి ఆ పిల్ల అమ్మ చెయ్యి చూస్తేనే వెనక్కి జరిగింది. ఇంటికొచ్చిన పది రోజులకు గానీ మళ్ళీ ఒళ్ళోకి రాలేదు. ఇర్మె ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు గానీ, వానాకాలం మొదట్లో మిగతా ఆరుగుర్నీ కూర్చోబెట్టి, "ఈ ఏడు మిరపకు పోవద్దు. దుంపలు తవ్వుకుందాం, సంతకు మోసుకుందాం, ఎండాకాలం దాకా ఈ మడులల్లనే పని పుట్టిద్దాం," అంది. ఆమె మాట మీద ఆరుగురూ తల ఊపారు.

తల ఊపినంత తేలిక కాదు చిలగడదుంప. దుంప ఊరుతోందన్న సంగతి మనిషి కంటే ముందు అడవిపందికి తెలుస్తుంది. ముళ్ళకంప వేశారు, పాత చీరలు కట్టారు, డబ్బాలు వేలాడదీశారు. పందులు చీరల కింద నుంచే దూరి వచ్చాయి. అప్పుడు వచ్చాయి ఈ లైట్లు, ఏదో పథకం కింద, ట్రాక్టరు మీద ఒక అట్టపెట్టెలో. పన్నెండు.

వాటిని దించి పాతించే పని పంచాయతీ పనులు చూసే సోమారు మీద పడింది. లక్మాకు తమ్ముడి వరస, ఇర్మెకు మరిది. ఎనిమిది దాకా చదివాడు కాబట్టి పెట్టెలో వచ్చిన కాగితం అతని చేతికిచ్చారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తోట తలుపు దగ్గర నుంచి బాటకు ఇటు ఆరూ అటు ఆరూ, పెళ్ళివారి దారిలా వరసగా గుచ్చేశాడు.

"ఏంది సోమారు ఇది?" అంది ఇర్మె.

"లైట్లు, వదినె."

"లైట్లని తెలుసు. పందులు తలుపు తీసుకొని వస్తయా? చెప్పులిడిసి?"

"కాయితం మీద బొమ్మ ఇట్లనే ఉంది వదినె. చూడు, ఇల్లు, పూలమొక్కలు, బాటకు రెండు దిక్కులా లైట్లు."

"ఆ బొమ్మల పందులున్నయా?"

సోమారు కాగితంలోకి నిజంగానే ఇంకోసారి చూశాడు. లేవు.

ఆ మర్నాడే ఇర్మె వాటిని పెరికి వాగు వైపుకు మార్చింది. అక్కడా మొదట ఒక తప్పు చేసింది. రెండింటిని ఇప్పచెట్టు పక్కన పెట్టింది. అవి ఇంట్లో అన్నాలు తినేలోపే ఆరిపోయాయి. మిగతావి తెల్లారేదాకా వెలిగాయి. ఆమె రోజంతా తోటలో కూర్చుని, చెట్టు నీడ ఎక్కడి దాకా జరిగితే అక్కడొక గులకరాయి పెట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి రాళ్ళన్నీ కలిపి చూస్తే నీడ తిరిగే జాగా తేలింది. ఆ గీత దాటించి పాతింది. నేల గట్టిది. లక్మా బండరాయి తెచ్చి లైటు నెత్తిన కొట్టబోయాడు. "దాని నెత్తిన కాదయ్యా, నీ నెత్తిన కొట్టుకో," అని ఆ రాయి లాక్కుని, గునపంతో బొక్క చేసి, చెంబెడు నీళ్ళు పోసి, మెత్తబడ్డాక కడ్డీ దింపింది.

ఇంకో సంగతి. లైటు కింద వేలితో నొక్కే చిన్న స్విచ్చి ఉంటుంది. పగలు దండగగా వెలుగుతున్నాయేమో అని లక్మా ఒకరోజు పన్నెండింటికీ స్విచ్చి కట్టేశాడు. రాత్రి ఒక్కటి వెలగలేదు. "కరెంటు మిగిలిద్దామని," అన్నాడు. ఆ మిగిలిన కరెంటు ఎక్కడ దాచావో తీసుకురమ్మంది ఇర్మె.

ఇలా ఎన్నో తిట్లు, ఎన్నో చెంబుల నీళ్ళు అయ్యాక లైట్లు దారికొచ్చాయి. పొద్దుగూకగానే ఎవరూ ముట్టుకోకుండా వాటంతటవే వెలిగేవి. వాగు ఇసకలో పొద్దున్నే పంది అడుగులు కనిపించేవి. గట్టు దాకా వచ్చి, అక్కడ నిలబడి, అటునుంచి అటే మళ్ళిన అడుగులు. ఇరవై రెండు రాత్రులు ఒక్క తీగ కదల్లేదు. సన్నే కూడా ఆ రోజుల్లో నవ్వలేదు. "అక్కా, నీ పుల్లలు మంచిగనే కావలి గాస్తున్నయ్," అంది.

అప్పుడు వచ్చాడు కమలేష్.

సుక్మా జిల్లా ఆఫీసు నుంచి లైట్లు చూసుకునే మనిషి. మోటారుసైకిలు, నెత్తిన గుండ్రని టోపీ, చేతిలో పెద్ద ఫోను. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే, ఆ దారిలో ఆఫీసు మనుషులెవరైనా మధ్యాహ్నం మూడయ్యేసరికి బండి తిప్పాలి. అడవి దారి భద్రం కాదని పైనుంచి ఉన్న హుకుం అది. పొద్దుగూకాక వెదురుగూడెంలో నిలబడ్డ ఆఫీసరును ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ ఇంతవరకు చూడలేదు.

"దీదీ, ఒక్క ఫోటో. బస్," అన్నాడు కమలేష్. "పన్నెండు లైట్లు ఒకే ఫోటోలో రావాలి. జల్తీ హుయీ రావాలి."

వెలుగుతూ రావాలట. పదకొండు గంటల ఎండలో.

"రాత్రికి వెలుగుతయ్ సారూ," అంది ఇర్మె.

"రాత్రికి నేనుండను కదా దీదీ."

అదీ నిజమే. అప్పుడు సోమారు తన తువ్వాలు తీసి ఒక లైటు నెత్తిన పడేశాడు. పలకకు చీకటి పడింది, బుడ్డి వెలిగింది! సోమారు అంత తెలివైన పని తన బతుకులో అంతవరకు చేసి ఉండడు. కమలేష్ అతని వీపు తట్టాడు. "షాబాష్. అన్నింటికీ వెయ్యండి."

గాలికి తువ్వాళ్ళు నిలవలేదు. ఒకటి వేస్తే ఇంకొకటి ఎగిరిపోతోంది. అప్పుడు సలహా చెప్పింది ఇర్మెయే. ఎవరు మరచిపోయినా ఆమె మాత్రం అది మరచిపోదు. "అడ్డాకుతోని టోపీలు కుడితే?" అంది.

అడ్డాకు ఆ ఊళ్ళో ప్రతి ఆడదాని చేతికీ అలవాటే. పండగొచ్చినా చావొచ్చినా దొప్పలు కుట్టేది దాంతోనే. ఏడుగురూ చెట్టు కింద కూర్చుని, వెదురు పుల్లలతో గుచ్చి, చిటికెలో పన్నెండు టోపీలు కుట్టేశారు. సరిగ్గా పలక మీద కూర్చునేలా, బుడ్డి కనబడేలా. సన్నే తన టోపీకి ఒక కోడి ఈక కూడా గుచ్చింది. తోట నిండా నవ్వులు. ఎండలో వెలుగు సరిగా కనిపించడం లేదని కమలేష్ అంటే, వడ్లు ఆరబోసుకునే నీలం పరదా తెచ్చి నలుగురు నాలుగు మూలలా పట్టుకుని నీడ చేశారు. కమలేష్ మంచె ఎక్కి ఫోటో తీశాడు.

"ఇప్పుడే తియ్యొద్దు దీదీ. గుట్ట మీద నెట్‌వర్క్ దొరుకుతది. ఫోటో పంపుతా. అటునుంచి ఒప్పుకోకపోతే మళ్ళీ తియ్యాలి. నేను వచ్చి చెప్పేదాకా టోపీలు ఉంచండి."

గుట్ట ఎక్కినవాడు రెండున్నర దాకా రాలేదు. వచ్చినవాడు తోటలోకి రాలేదు. రోడ్డు మీద నుంచే చెయ్యి ఊపి, హారను కొట్టి, వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి ఊపింది టోపీలు తియ్యమనా, ఉంచమనా అని కాసేపు వాదులాడుకుని, ఎందుకైనా మంచిదని పొద్దుగూకేదాకా ఉంచారు.

ఆ రాత్రి బువ్వ గిన్నెలు కడిగేలోపే పన్నెండూ ఆరిపోయాయి. తెల్లారి చూస్తే ఐదు సాళ్ళు నాగలి పెట్టి దున్నినట్టు తిరగబడి ఉన్నాయి. వేలెడంత ఊరిన దుంపల్ని సగం కొరికి, సగం తొక్కి పోయాయి పందులు. ఏడుగురు ఆడవాళ్ళూ గట్టు మీద నిలబడ్డారు. లక్మా అయితే, "దిష్టి తగిలింది. అంత నవ్వు నవ్వితే తగలదా?" అన్నాడు.

ఇర్మె నేరుగా సోమారు ఇంటికి పోయింది. "రాయి. రాత్రిపూట లైట్లు వెలుగుతలేవని పై వాళ్ళకు రాయి."

"ఫోనులోనే కంప్లయింటు ఎక్కియ్యొచ్చు వదినె."

"ఎట్లనో అట్ల ఎక్కియ్యి."

సోమారు గుట్టెక్కి, లక్మా ఫోను నంబరు ఇచ్చి కంప్లయింటు ఎక్కించాడు. అది ఎక్కిన రోజునే ఇర్మె బుర్రలో మెరిసింది. రెండు లైట్లు పక్కపక్కన పెట్టుకుంది. ఒకదానికి అడ్డాకు టోపీ పెట్టింది, ఇంకోదాన్ని ఎండకొదిలేసింది. టోపీ పెట్టింది పగలంతా వెలిగి, రాత్రి చచ్చింది. రెండోది తెల్లారేదాకా వెలిగింది. టోపీ పెడితే దానికి ఎండ ఉండదు. పైగా రాత్రయిందనుకుని ఉన్నదంతా పగలే ఖర్చు పెట్టుకుంటుంది. ఇంతే. ఇందులో దిష్టీ లేదు, దెయ్యమూ లేదు. తన చేతులతో తను కుట్టిన టోపీలు.

మర్నాడు పొద్దున్నే సోమారును పట్టుకుంది. "లైట్లు మంచిగనే ఉన్నయ్. కంప్లయింటు వాపసు తీసుకో."

సోమారు ఫోను తీసి నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు, తల గోక్కున్నాడు. "వాపసు లేదు వదినె. కంప్లయింటు పోవాలంటే సారు వచ్చి చూడాలె. చూసి, లైట్లు వెలుగుతున్న ఫోటో పెట్టాలె. అప్పుడే పోతది."

"అంటే మళ్ళ టోపీలా?"

సోమారు ఫోనును తువ్వాలుతో తుడవసాగాడు.

"సోమారు, నేను అడుగుతున్న. మళ్ళ టోపీలేనా?"

"ఫోటో రాకపోతే లైట్లు బందయినయని రాస్తరు వదినె. బందయినయంటే పెరికి ఇంకో ఊరికి ఇస్తరట. కొత్తగ వచ్చిన రూలు."

ఇర్మె అక్కడే అరుగు మీద కూలబడింది. ఫోటోలో వెలిగితే రాత్రికి వెలగవు. ఫోటోలో వెలగకపోతే అసలు ఉండవు. ఆఫీసులో కూర్చుని దీన్ని కనిపెట్టిన మహానుభావుడు ఎవడో గానీ, వాడి ఇంటి వెనక ఒక్క పందినైనా పంపాలని ఉంది ఆమెకు.

పోయిన మంగళవారం కమలేష్ రెండోసారి వచ్చాడు. ఈసారి ఆమె ముందే జాగ్రత్త పడింది. రోడ్డు మీద బండి చప్పుడు వినబడేదాకా టోపీలు పెట్టనివ్వలేదు. వచ్చాక అన్నీ విప్పి చెప్పింది. టోపీ పెడితే ఏమవుతుందో, రాత్రికి ఏమవుతుందో, ఐదు సాళ్ళు ఎలా పోయాయో. కమలేష్ అంతా విన్నాడు. తలూపాడు. "సహీ బాత్ హై దీదీ," అన్నాడు. ఆ తర్వాత, "ఒక్క ఫోటో. పాంచ్ మినట్," అన్నాడు.

ఆ ఐదు నిమిషాలు పదిన్నరకు మొదలై ఒంటిగంటకు అయ్యాయి. మొదటి ఫోటోలో పదకొండే వచ్చాయట. రెండోదాంట్లో లక్మా తలకాయ అడ్డొచ్చింది. మూడోది గుట్ట మీదకు పోయి పంపితే, ఊరి పేరు తప్పు పడిందని వెనక్కొచ్చింది. ఇర్మె టోపీ తియ్యబోయినప్పుడల్లా సోమారు చేతులు జోడించాడు. ఒంటిగంటకు ఆమె ఎవరి మాటా వినకుండా అన్నీ లాగి పారేసింది. కానీ చలికాలం పొద్దు ఎంతసేపుంటుంది? మిగిలిన ఎండతో నిండింది సగమే. అర్ధరాత్రి దాటకముందే లైట్లు కొండెక్కాయి. మూడు సాళ్ళు పోయాయి. పద్నాలుగింట్లో మిగిలింది ఆరు.

కంప్లయింటు మాత్రం పోయింది. లైట్లన్నీ బాగున్నాయని రాసుకున్నారట.

అక్కడితో అయిపోయినా బాగుండేది. రెండు రోజుల తర్వాత లక్మా గుట్ట మీద మేకల్ని మేపుతుంటే ఫోను మోగింది. మనిషి కాదు, మిషను గొంతు. మీ కంప్లయింటు తీరితే ఒకటి నొక్కండి, తీరకపోతే రెండు నొక్కండి అని హిందీలో చెప్పింది. లక్మా రెండు నొక్కాడు.

"ఎందుకు నొక్కినవయ్యా?" అంది ఇర్మె. అరవడానికి ఆమె దగ్గర ఓపిక కూడా లేదు.

"తీరలేదుగ మరి? మూడు సాళ్ళు పోయినయ్. అబద్ధం ఎందుకు నొక్కాలె?"

ఆ ఊళ్ళో ఆ రోజు నిజం చెప్పినవాడు అతనొక్కడే. ఆ నిజం ఫలితంగా ఈసారి కమలేష్ ఒక్కడే కాదు, అతని పై సారు కూడా బయల్దేరుతున్నాడని సోమారు కబురు తెచ్చాడు.

కబురు ఒక్కటే కాదు. మిరప మేస్త్రీ బండి కిష్టారంలో దిగింది. రేపు పొద్దున ఊళ్ళోకి వస్తాడు, పేర్లు రాసుకుంటున్నాడు. సన్నే అప్పుడే పేరు పంపేసింది. ఇంకో ఇద్దరు ఊగిసలాడుతున్నారు.

సాయంత్రం సన్నే ఇంటికి పోయింది ఇర్మె. సన్నే ఎండు ఇప్పపువ్వు బుట్ట సర్దుతూ తల ఎత్తలేదు.

"ఎనిమిది రోజులాగు సన్నే. దుంప ఊరింది. ఆరు సాళ్ళున్నయ్. ఎనిమిది రోజులు నిలబెడితే తవ్వుకుంటం."

"నిలబడుతయా అక్కా?"

"లైట్లు వెలిగితే నిలబడుతయ్."

"రేపు సార్లొస్తున్నరుగా," అంది సన్నే. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. "సార్లొస్తే మళ్ళ టోపీలు పెడతరు. నేను ఆ టోపీ కుట్టుకుంట కూసుంటే మేస్త్రీ బండి పోతది. నీకు లక్మా బావ ఉన్నడు, మేకలున్నయ్. నాకేమున్నయ్?"

"నువ్వు పోతే మిగతావాళ్ళు పోతరు."

"అందుకే గద అక్కా, నీ ముందర తల ఎత్తుతలేను."

ఇర్మె తన చేతులకేసి చూసుకుంది. సన్నే కూడా వాటికేసే చూసింది. పోయినేడు ఆ కోత పాకలో పక్కపక్కన పడుకున్నవాళ్ళు వాళ్ళిద్దరూ. పిల్ల ఏడుపు సన్నే కూడా విన్నది. "రేపు పొద్దుగూకేదాకా చూస్త," అంది సన్నే చివరికి. "వచ్చేదీ రానిదీ మేస్త్రీకి రేపటి రాత్రి చెప్త. అంతకంటే ఆగలేను."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే సోమారు అడ్డాకు టోపీలు గంపలో పెట్టుకుని తోటలోకి వచ్చాడు.

"అవెందుకు?"

"పెద్ద సారు వదినె! ఆయన వచ్చేసరికి వెలుగుతుండాలె."

"ఎన్నింటికొస్తడు?"

"తెల్వదు. పదికి రావొచ్చు, రెండుకు రావొచ్చు."

"గంప తీసుకొని ఇంటికి పో."

"వదినె—"

"సోమారు, నిన్ను నేను ఇంతవరకు గట్టిగ ఒక మాట అన్నానా?"

అన్నది. చాలాసార్లు. కానీ ఆ గొంతు విన్నాక సోమారు అది గుర్తు చెయ్యలేదు. గంపను తలుపు బయట పెట్టి, దాని పక్కన తనూ గొంతుక్కూర్చున్నాడు.

పెద్ద సారు జీపు రెండింటికి పదిహేను నిమిషాల ముందు వచ్చింది. పేరు చిన్నారావు. కిరండూల్ గని కాలనీలో పుట్టి పెరిగిన ఆంధ్రా మనిషి కాబట్టి తెలుగు బాగానే వచ్చు. బూట్లకు మట్టి అంటకుండా గట్టు మీద నడిచి, తోటంతా ఒకసారి చూసి, "వాహ్, బాగా పెట్టుకున్నారమ్మా," అన్నాడు. తర్వాత లైట్లకేసి చూశాడు. తర్వాత కమలేష్‌కేసి.

"వెలగట్లేదేంటి?"

"సర్, ధూప్ హై నా..." కమలేష్ ఎండకేసి చూపిస్తూ నసిగాడు. "కవర్ వేస్తే వెలుగుతాయి సర్. సోమారు! అరే సోమారు, టోపీలు లావో!"

సోమారు గంప అందుకుని రెండడుగులు వేశాడు. ఇర్మె లైట్ల ముందు నిలబడింది. చేతిలో పలకలు తుడిచే తడిగుడ్డ.

"టోపీలు పెట్టేది లేదు."

"ఏంటమ్మా, ఏమైంది?" అన్నాడు చిన్నారావు, గడియారం చూసుకుంటూ. "కమలేష్, ఏంటి గొడవ?"

"గొడవ కాదు సర్. ఫోటో వరకే సర్."

చుట్టూ జనం పోగయ్యారు. ఏడుగురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు, లక్మా, రోడ్డు పని నుంచి వచ్చిన ఇద్దరు. సన్నే వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడింది.

చిన్నారావు ఫైలు తెరిచాడు. కోప్పడే మనిషిలా లేడు. అలసిపోయినవాడిలా ఉన్నాడు. పొద్దున్నుంచి నాలుగు ఊళ్ళు తిరిగాడు, ఇంకొకటి ఉంది, మూడింటికి రోడ్డెక్కాలి. "చూడమ్మా," అన్నాడు. "ఇక్కడేమో రెండుసార్లు పరీక్షించారు, రెండుసార్లూ అన్నీ వెలిగాయి. ఫోటోలున్నాయి. నువ్వేమో రాత్రిళ్ళు వెలగట్లేదంటున్నావు. ఇందులో ఏది నిజం?"

"రెండూ నిజమే సారూ."

"అదెలా కుదురుతుంది?"

ఇర్మె చెప్పింది. ఇంట్లో తమ దోర్లి భాష, సంతలో తెలుగు, ఆఫీసు వాళ్ళ ముందు హిందీ. ఏ మాట ఏ భాషలో అయితే గట్టిగా పడుతుందో ఆ భాషలో చెప్పింది. ఎండ గురించి చెప్పింది, టోపీ గురించి చెప్పింది, సగం నిండిన లైటు సగం రాత్రే ఎందుకు వెలుగుతుందో చెప్పింది. ఇరవై రెండు రాత్రులు పంది అడుగులు ఎక్కడి నుంచి వెనక్కి మళ్ళాయో చూపించింది. తిరగబడ్డ ఎనిమిది సాళ్ళు చూపించింది. మిగిలిన ఆరు చూపించింది.

చిన్నారావు ఓపిగ్గానే విన్నాడు. కలం తీశాడు. "సరే. వెలగని రోజుల తేదీలు చెప్పు, రాసుకుంటాను."

"మొదటిది కిష్టారం సంత మర్నాడు," అంది. "ఈ సారు ఫోటో తీసిన రోజు."

రాసుకున్నాడు.

"రెండోది పోయిన మంగళవారం. ఈ సారు మళ్ళ ఫోటో తీసిన రోజు."

సగం రాసి ఆగాడు. కమలేష్ తన బూట్లకేసి చూసుకున్నాడు.

"తేదీ ఒక్కటి చాలమ్మా," అన్నాడు చిన్నారావు. "కారణం మేం రాసుకుంటాం." కాగితాలు రెండు తిప్పాడు. ఏ గడిలో ఏం రాయాలో ఆయనకు తోచినట్టు లేదు. బ్యాటరీ పాడైతే ఒక గడి ఉంది, పలక పగిలితే ఒక గడి ఉంది, దొంగతనానికి ఒకటి, పిడుగుకు ఒకటి. "ఇది బ్యాటరీ సమస్య అని రాస్తే కొత్తవి వస్తాయి. రాయమంటావా?"

"బ్యాటరీ మంచిగనే ఉంది సారూ."

"అయితే బాగున్నాయని రాస్తాను. దానికి వెలుగుతున్న ఫోటో ఒకటి కావాలి. ఒక్కటి."

"సర్, టైం," అన్నాడు జీపు డ్రైవరు రోడ్డు మీద నుంచి.

సోమారు గంపతో అలాగే నిలబడి ఉన్నాడు. ఎండ వాగు అవతలి చెట్ల మీదకు వాలుతోంది. ఇర్మె మెడ తిప్పి దాన్ని ఒకసారి చూసింది. ఇంకా రెండు గంటల పైచిలుకు ఉంటుంది. పలకలకు ఆ రెండు గంటలూ కావాలి. వెనక వరసలో సన్నే కూడా చెట్లకేసే చూస్తోంది.

చిన్నారావుకు ఇప్పుడు నిజంగానే విసుగొచ్చింది. ఫైలు టపుక్కున మూశాడు. "బ్యాటరీ బాగుందంటావు. ఫోటో వద్దంటావు. రాత్రి వెలగట్లేదని కంప్లయింటు పెడతావు. ఇంత ఎండలో ఇంత దూరం వచ్చాం. అసలు ఏం చేస్తే ఇవి రాత్రిపూట సరిగ్గా వెలుగుతాయో నువ్వే చెప్పమ్మా, అదే రాస్తాను."

"మీరు రాకుంటే వెలుగుతయ్ సారూ," అంది ఇర్మె.